బాబాయి ఖాతా ఎటు పోయింది? (యూఏసీ ఆపేసిన కథ)

ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఈ వ్యాసంలో తెలుగు కంటే తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు ఎక్కువ కనిపిస్తే సర్దుకోండి. "కంప్యూటర్ గురించి తెలుగులో ఎవరూ రాయరు, నువ్వు రాయి" అని మన క్లబ్ సీనియర్లు అడిగినప్పుడు గుర్తొచ్చింది ఇదొక్కటే.

మాది ఇల్లందు. పాతవాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. సింగరేణి బొగ్గు మొదట తవ్వింది మా దగ్గరే. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇక్కడ బొగ్గు ఉందని కనుక్కున్నాడు, 1889లో తవ్వకం మొదలైంది. మా తాతయ్య ముప్పై ఏళ్ళు గనిలో చేశారు. మా బాబాయికి గని ఉద్యోగం రాలేదు, బస్టాండు దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకున్నాడు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ల్యామినేషన్, అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. అందులో విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది, అయినా బాబాయి ప్రింటర్‌కి, ఆయన వాడే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి అదే సరిపోతుంది. మార్చమంటే "నడుస్తుంది గదా బిడ్డా" అంటాడు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు షాపులో కూర్చున్నా. టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ స్క్రీన్ మసకబారి, మధ్యలో పసుపు పట్టీతో ఒక బాక్స్ వస్తుంది: పబ్లిషర్ ఎవరో తెలియదు, ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయొచ్చా అని. బాబాయి చూడకుండానే ఎస్ కొడతాడు. రోజుకి ఇరవై సార్లు. "కంప్యూటర్ చదువుతున్నవ్ గదా, దీన్ని తీసెయ్యరాదే?" అన్నాడు.

నేను సెకండియర్ సీఎస్ఈ. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, యూజర్ అకౌంట్ కంట్రోల్ తెరిచి, స్లైడర్‌ని కింది దాకా లాగేశా. నెవర్ నోటిఫై. రీస్టార్ట్ అడిగింది, చేశా. టైపింగ్ సాఫ్ట్‌వేర్ నేరుగా తెరుచుకుంది. బాబాయి అందరికీ చెప్పాడు, మా పిల్ల రెండు నిమిషాల్లో చేసిందని. అది బుధవారం సాయంత్రం.

గురువారం పొద్దున ఫోన్. "బిడ్డా, ఖాతా మొత్తం పోయిందే."

ఖాతా అంటే ఆయన లెక్కల సాఫ్ట్‌వేర్. ఎప్పుడో ఖమ్మం నుంచి ఒకతను వచ్చి వేసి వెళ్ళింది. ఎవరు ఎన్ని కార్డులు చెప్పారు, అడ్వాన్స్ ఎంత, బాకీ ఎంత, అన్నీ అందులోనే. కాగితం మీద రాసే అలవాటు బాబాయి ఎప్పుడో మానేశాడు. వెళ్ళి చూస్తే సాఫ్ట్‌వేర్ బాగానే తెరుచుకుంటోంది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ లోపల మూడే ఎంట్రీలు. ముగ్గురి పేర్లూ "టెస్ట్".

ఫైల్ కరప్ట్ అయ్యిందనుకున్నా. "భయపడకు బాబాయ్, ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీస్తావు కదా" అన్నా. తీస్తాడు, పాపం. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌ని మొత్తం కాపీ చేస్తాడు. ఏళ్ళ తరబడి ఒక్క వారం తప్పలేదు. గత శనివారం బ్యాకప్ తీసి పేస్ట్ చేశా. మళ్ళీ మూడు టెస్ట్‌లే. అంతకు ముందు వారంది, మూడు టెస్ట్‌లే. ఆరు నెలల కిందటిది కూడా అంతే. అప్పుడు నాకు చెమటలు పట్టాయి.

అయినా షాపు ఆగదు కదా. జనం నిలబడి ఉన్నారు. బాబాయి అదే ఖాళీ ఖాతాలో కొత్త ఎంట్రీలు కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కొమరారం నుంచి ఒకాయన వచ్చాడు. కూతురి పెళ్ళి, కార్డులు ప్రూఫ్ చూసుకోవడానికి. 1500 అడ్వాన్స్ ఇచ్చానన్నాడు. ఖాతాలో లేదు. బాబాయికి పొద్దున్నుంచి ఉన్న చిరాకంతా గొంతులోకి వచ్చింది. "ఇచ్చినట్టు నాకైతే గుర్తు లేదు పెద్దాయనా" అన్నాడు. ఆయన వాదించలేదు. కాసేపు నిలబడి, మడిచిపెట్టుకున్న నోట్లు తీసి మళ్ళీ 1500 లెక్కపెట్టి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నా.

ఇక్కడ కథ ఆపి, అసలు ఏం జరిగిందో చెప్తా. నాకు ఆ రోజు ఇదేమీ తెలీదు.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్ళల్లో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే లాగిన్ అయ్యేవారు. మనం ఏ ప్రోగ్రామ్ నొక్కినా దానికి మన అధికారం మొత్తం వచ్చేసేది. గేమ్‌కైనా అంతే, గేమ్ వేషంలో ఉన్న వైరస్‌కైనా అంతే. 2007 జనవరి చివర్లో మార్కెట్లోకి వచ్చిన విస్టాతో మైక్రోసాఫ్ట్ దీన్ని మార్చింది. అదే యూఏసీ. మీరు అడ్మిన్ అయినా సరే, లాగిన్ అయినప్పుడు విండోస్ మీకు రెండు టోకెన్లు తయారుచేస్తుంది. ఒకటి పూర్తి అధికారం ఉన్నది, ఇంకోటి అధికారాలు కత్తిరించినది. మీ డెస్క్‌టాప్, దాని నుంచి తెరిచే ప్రోగ్రామ్‌లు అన్నీ కత్తిరించిన టోకెన్‌తోనే నడుస్తాయి. ఏదైనా ప్రోగ్రామ్‌కి పూర్తి టోకెన్ కావాలంటే ఆ బాక్స్ వస్తుంది. స్క్రీన్ మసకబారేది అందం కోసం కాదు. ఆ బాక్స్ వేరే డెస్క్‌టాప్ మీద కనిపిస్తుంది, మామూలు ప్రోగ్రామ్‌లు అక్కడికి వచ్చి మీ బదులు ఎస్ నొక్కలేవు.

టోకెన్ అంటే తాతయ్యకి వెంటనే అర్థమైంది. గనిలోకి దిగే ముందు ల్యాంప్ రూమ్‌లో బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకునేవారట. తర్వాత దిగే చోట జేబులు తడిమి చూసేవాళ్ళు, బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని. గనిలో గ్యాస్ ఉంటుంది కాబట్టి. "రోజూ చూసినోణ్ణే రోజూ తడుముతరు, ఏముంటదయ్యా నా దగ్గర అని ముప్పై ఏండ్లు అన్న" అని తాతయ్య నవ్వారు.

విస్టాలో ఈ బాక్సులు మరీ ఎక్కువ. ఆపిల్ దీని మీద వెటకారంగా టీవీ యాడ్ కూడా చేసింది. 2008లో ఆర్ఎస్ఏ కాన్ఫరెన్స్‌లో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్, యూఏసీ పెట్టిందే యూజర్లని విసిగించడానికి అని బహిరంగంగా అన్నాడు. జోక్ కాదు. యూజర్లు విసుక్కుంటే, అనవసరంగా అడ్మిన్ అధికారం అడిగే సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ కోడ్ మార్చుకుంటాయని ఆలోచన. చాలామంది మార్చుకున్నారు కూడా. బాబాయి టైపింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు మార్చుకోలేదు, అంతే.

ఇప్పుడు అసలు ఘట్టం. ఎక్స్‌పీ కాలంలో రాసిన బోలెడు సాఫ్ట్‌వేర్‌లు తమ డేటాని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే, తమ ఈఎక్స్‌ఈ పక్కనే రాసుకునేవి. కత్తిరించిన టోకెన్‌తో అక్కడ రాయడానికి పర్మిషన్ లేదు. అంటే విస్టా రాగానే అవన్నీ "యాక్సెస్ డినైడ్" అంటూ చచ్చిపోవాలి. అలా కాకుండా మైక్రోసాఫ్ట్ ఒక ఉపాయం చేసింది. పాత 32 బిట్ ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫైల్‌ని రాయడానికి తెరిస్తే, విండోస్ గుట్టుచప్పుడు కాకుండా ఆ ఫైల్‌ని యూజర్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, రాతలన్నీ ఆ కాపీకి మళ్ళిస్తుంది. దారి ఇది: యూజర్ ఫోల్డర్, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. తర్వాత ఆ ప్రోగ్రామ్ చదివేటప్పుడు కూడా ముందు ఈ కాపీనే చూపిస్తుంది. తాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాస్తున్నానని ప్రోగ్రామ్ నమ్ముతూ ఉంటుంది. దీన్నే ఫైల్ వర్చువలైజేషన్ అంటారు. రిజిస్ట్రీకి కూడా ఇలాంటిదే ఉంది.

ఇది యూఏసీలో భాగం. యూఏసీ పోతే ఇదీ పోతుంది.

అంటే బుధవారం నేను స్లైడర్ లాగి రీస్టార్ట్ చేసిన క్షణం నుంచి ఖాతా సాఫ్ట్‌వేర్‌ని వర్చువల్‌స్టోర్‌కి మళ్ళించేవాళ్ళు లేరు. అది నిజంగా ప్రోగ్రామ్ ఫైల్స్‌కి వెళ్ళి, అక్కడున్న ఫైల్‌ని తెరిచింది. ఇన్‌స్టాల్ చేసిన రోజు తర్వాత ఎవరూ ముట్టుకోని ఫైల్ అది. నేను ఆపింది టైపింగ్ సాఫ్ట్‌వేర్ బాక్స్‌ని, దెబ్బ తగిలింది ఏనాడూ ఏ బాక్సూ చూపించని ఖాతా సాఫ్ట్‌వేర్‌కి. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు కల్లో కూడా తట్టలేదు.

మరి బ్యాకప్‌లు? అదే నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ కొత్త పద్ధతి ప్రోగ్రామ్, దానికి వర్చువలైజేషన్ వర్తించదు. కాబట్టి అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న అసలు ఫైల్‌నే చూస్తుంది. బాబాయి ప్రతి శనివారం శ్రద్ధగా కాపీ చేసింది ఆ మూడు టెస్ట్‌లనే. హార్డ్ డిస్క్ నిజంగా పోయి ఉంటే ఏమీ మిగిలేది కాదు.

నాకు ఆధారం దొరికింది శుక్రవారం. టెస్ట్ ఎంట్రీల్లో ఒకదాంట్లో అడ్రస్ ఉంది: ఇల్లందు, ఖమ్మం జిల్లా. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పటి నుంచి మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. బాబాయి కార్డుల మీద కూడా అలాగే వేస్తాడు. అంటే ఈ ఎంట్రీ జిల్లా మారకముందుది. ఫైల్ పాడవలేదు, పాతది తెరుచుకుంటోంది! కరప్ట్ అయిన ఫైల్ అంత శుభ్రంగా వెనక్కి వెళ్ళదు కదా. అయితే కొత్తది ఇంకెక్కడో ఉండాలి.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైల్ పేరుతో సి డ్రైవ్ మొత్తం వెతికించా. డిర్ కమాండ్‌కి స్లాష్ ఎస్, స్లాష్ ఏ రెండూ ఇవ్వాలి. రెండోది ఇవ్వకపోతే దాచిన ఫైళ్ళు చూపించదు, యాప్‌డేటా దాచిన ఫోల్డరే. అదే పేరుతో రెండు ఫైళ్ళు వచ్చాయి. ఒకటి చిన్నది, ఈ రోజు తేదీ. ఇంకోటి దానికి వంద రెట్లు పెద్దది, బుధవారం తేదీ. పాత్‌లో వర్చువల్‌స్టోర్ అని ఉంది. అదేంటో అప్పుడు వెతికి చదువుకున్నా. నేను గట్టిగా అరిస్తే జిరాక్స్‌కి వచ్చినవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఇక్కడ తొందరపడితే ఇంకో తప్పు చేసేదాన్ని. స్లైడర్ మళ్ళీ పైకి లాగి రీస్టార్ట్ చేస్తే బుధవారం దాకా ఉన్న ఖాతా కనిపిస్తుంది, నిజమే. కానీ గురు, శుక్రవారాల ఎంట్రీలు? అవి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని చిన్న ఫైల్‌లో పడ్డాయి, అవి మాయమవుతాయి. ఇప్పుడున్నవి రెండు వేర్వేరు చరిత్రలు. గిట్ వాడేవాళ్ళకి అర్థమవుతుంది, రెండు బ్రాంచ్‌లు, కానీ మెర్జ్ కమాండ్ లేదు. మేం చేసింది ఇది. ముందు రెండు ఫైళ్ళనీ వేర్వేరు పేర్లతో పెన్‌డ్రైవ్‌లోకి తీశాం. రెండు రోజుల ఎంట్రీలు ప్రింట్ తీశాం, పదిహేడు వచ్చాయి. యూఏసీ ఆన్ చేసి రీస్టార్ట్ చేశాక, ఆ పదిహేడూ బాబాయి చదువుతుంటే పెద్ద ఖాతాలో నేను కొట్టా. తర్వాత సాఫ్ట్‌వేర్‌ని డి డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లో మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, పెద్ద ఫైల్‌ని అక్కడ పెట్టాం. అక్కడ రాయడానికి అడ్మిన్ అధికారం అక్కర్లేదు, కాబట్టి మళ్ళింపూ ఉండదు. ఉన్నది ఒక్కటే ఫైల్, శనివారం కాపీ చేస్తే కాపీ అయ్యేది అదే.

కొమరారం ఆయన 1500 బుధవారం కంటే ముందు తేదీతో పెద్ద ఖాతాలో ఉన్నాయి. బాబాయి ఆ పేరు దగ్గర ఆగిపోయి కాసేపు మాట్లాడలేదు. శనివారం పొద్దున షాపు తెరవకముందే బండి మీద వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఏమన్నాడని అడిగితే "టీ తాగి పొమ్మన్నడు" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

"మా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, మాకేంటి" అనుకునేవాళ్ళకి. విండోస్ 7లో స్లైడర్ కిందికి లాగితే యూఏసీ పూర్తిగా ఆగిపోయేది. విండోస్ 8 నుంచి అలా కాదు, స్లైడర్ కిందికి లాగితే బాక్సులు మాత్రమే ఆగుతాయి, లోపల రెండు టోకెన్ల ఏర్పాటు నడుస్తూనే ఉంటుంది. ఇదీ మంచిది కాదు, ఎందుకంటే అడిగిన ప్రతి ప్రోగ్రామ్‌కీ మీకు చెప్పకుండా పూర్తి టోకెన్ ఇచ్చేస్తుంది. కానీ మన హాస్టల్‌లో ఎక్కువమంది చేసేది ఇంకోటి. ఏదో గేమ్ కోసం వీడియో చూసి, రిజిస్ట్రీలో ఎనేబుల్‌ఎల్‌యూఏ అనే విలువని 0 చేస్తారు. అది నిజంగా మొత్తం ఆపేస్తుంది. విండోస్ 8లోనూ, తొలి విండోస్ 10లోనూ అలా చేస్తే స్టోర్ యాప్‌లు తెరుచుకోవడం మానేసేవి. ఆ యాప్‌లు తక్కువ అధికారంతో, డబ్బాలో పెట్టినట్టు నడవాలి. కత్తిరించిన టోకెన్ లేకపోతే ఆ డబ్బా కట్టడం కుదరదు. ఫొటోలు తెరవట్లేదని విండోస్ మొత్తం ఫార్మాట్ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ విలువని 1 చేసి రీస్టార్ట్ చేస్తే సరిపోయేది.

మీ సిస్టమ్‌లో చూడాలంటే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో యూఏసీ వర్చువలైజేషన్ టిక్ చేయండి. ఎక్కువ వాటికి డిజేబుల్డ్ అనో నాట్ అలౌడ్ అనో ఉంటుంది. 64 బిట్ ప్రోగ్రామ్‌లకి ఈ మళ్ళింపు లేనే లేదు. ఎనేబుల్డ్ అని ఏదైనా కనిపిస్తే దాని డేటా ఎక్కడుందో ఒకసారి వెతకండి.

యూఏసీ ఉంటే ఇక వైరస్ రాదని మాత్రం అనుకోకండి. మైక్రోసాఫ్టే దాన్ని దాటరాని గోడగా లెక్కపెట్టదు. బాబాయి షాపుకి వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ఫోల్డర్లని షార్ట్‌కట్‌లుగా మార్చే వైరస్ ఒకటి ఉంటుంది, మీ ఫైళ్ళని పాడుచేయడానికి దానికి అడ్మిన్ అధికారం అక్కర్లేదు, మీ అధికారం చాలు. యూఏసీ పనల్లా అది సిస్టమ్ మొత్తానికి పాకేముందు ఒకసారి మిమ్మల్ని అడగడం. చూడకుండా ఎస్ కొడితే అదీ లేదు.

టైపింగ్ సాఫ్ట్‌వేర్ బాక్స్ ఇప్పటికీ రోజుకి ఇరవై సార్లు వస్తూనే ఉంది, దానికి నా దగ్గర మందు లేదు. కాకపోతే బాబాయి ఇప్పుడు అందులో పేరు చదువుతున్నాడు. మొన్న డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఉండగా ఫోన్ చేశాడు. "బిడ్డా, ఇయ్యాల వేరే పేరేదో వచ్చింది, పబ్లిషర్ అన్‌నోన్ అంట. నేనైతే ఏం తెరవలే. కొట్టాలా?"

నో కొట్టమన్నా. అదేంటో సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూడాలి.